గుండు లావు

కోయిలకుంట్ల కమ్మరి ముందు, జర్మనీ యుద్ధానికి పోయివచ్చిన ఒక రైతు తన పెద్ద రివాల్వరును, ఇంట్లో పోసుకున్న సీసపు గుండ్లను పరిచాడు.

"పందులు శెనక్కాయ చేనంతా తవ్వుతాండాయప్పా. పది గజాల్లో కాల్చినా ఒక్కటీ తగల్లేదు. నా కన్ను పోయినట్టుండాది. ఈ తుపాకిని నువ్వొకసారి చూడు, లేదంటే రేపే తాలూకా కచేరీలో అప్పజెప్పొస్తా."

"గుండు లావు యాడ కొలిచినావన్నా?"

"గొట్టం మూతిలో. సరిగ్గా పట్టింది."

"గుండ్లు పెట్టే ఈ చక్రంలో అరల మూతి కాడ కొలవాల. ఇదో, అరలో వేస్తే ఆ పక్కనుంచి జారి పడె. ఇంత వదులైతే గొట్టంలోకి వంకరగా పోతాది. బొటనవేలితో నొక్కితేనే బయటికి రావాల."

"మూడేండ్లు ఇట్లే పోసినానే!"

"ఎవురూ చెప్పలేదా?"

"నా పెండ్లాం చెప్పింది. సీసం కరిగించేది ఆమెనే. అరలో గుండు వదులుగా ఉండాదంటే, యుద్ధానికి పోయింది నువ్వా నేనా అని అరిచినా."

"అయితే ఇంటికి పోయి ఒప్పుకో."

"పోయినేడు చచ్చిపోయింది. బతికింటే, ఆమె ముందర తప్పొప్పుకోలేక తుపాకే అప్పజెప్పేవాణ్ణి. ఇప్పుడు పందులకు తప్ప ఎవురికీ జవాబు చెప్పే పని లేదు. లావుగా పోసియ్యప్పా."