కరకట్ట సందు, ఒన్నో మాస్టారి లెక్క

ఆ పెన్ను కింద పెట్టు గేస్కే. పెట్టమన్నానా! రేపు పరీక్ష పెట్టుకుని ఏం రాశావే ఇది? చదువు, పైకి చదువు. ఇంటి గడప సముద్రమట్టానికి మైనస్ ఒక మీటరులో ఉంది, నీళ్లు ప్లస్ మూడుకు వచ్చాయి, గడప మీద లోతు x ఎంత? నువ్వేమో రెండు అని రాశావు. మూడులోంచి ఒకటి తీసి పారేశావు. ఆ మైనస్ గుర్తు కాగితం మీద ఈగ వాలినట్టు కనిపించిందా? మైనస్ ఒకటికి x కలిపితే మూడు. x నాలుగు. నువ్వు మింగేసిన ఆ రెండు మీటర్లలో మనిషి నిలువునా మునిగిపోతాడు. ఊరంతా సముద్రం కన్నా కింద మంచాలు వేసుకుని పడుకుంటాం, నీకు మైనస్ అంటే లెక్క లేదు!

కింద ఇంకా ఘోరం. నాణెం నాలుగుసార్లు వరసగా బొమ్మ పడింది, ఐదోసారి ఏం పడొచ్చు అంటే, 'బొరుసుకే అవకాశం ఎక్కువ' అట. ఎందుకే? నాణేనికి జ్ఞాపకం ఉందా? 'అయ్యో, చాలాసేపు బొమ్మే పడ్డాను, ఇక తిరగబడదాం' అనుకుంటుందా? ఎప్పుడు ఎగరేసినా సగానికి సగమే. నవ్వకు. సరిగ్గా నీ మాటే అన్నందుకు చిన్నప్పుడు ఈ తాత వేళ్ల మీద స్కేలు విరగ్గొట్టాడు మా లెక్కల ఒన్నో మాస్టారు. నీకు తెలీదులే, మీ అమ్మ పుట్టకముందే పోయాడు. పొడుగ్గా, కోటు మీద సుద్దపొడి పడనివ్వకుండా ఉండేవాడు. 'మూర్ఖుడా, జరిగిపోయింది జరగబోయేదాన్ని ఆపదురా!' అని అరిచాడు. దెబ్బ తగిలింది, లెక్క తలకెక్కింది. కాదనను. నా కోపం ఆ దెబ్బ మీద కాదు.

నువ్వు తెలియక రాశావు. చెరిపేస్తే పోతుంది. తెలిసి తప్పు చెప్పినవాణ్ణి ఏమనాలి?

మన కరకట్టలో రోడ్డు పోయే సందు ఉందే, ఇప్పుడు ఇనప తలుపు ఉంది కదా, అప్పుడు తలుపు లేదు. సముద్రం పొంగితే సందు మూయడానికి ఓక్ దూలాలు ఉండేవి. రెండు పక్కలా రాతిలో గాడులు, వాటిలోకి ఒక్కో దూలం జారవిడిచి, రెండు వరసల మధ్య పేడా బంకమట్టీ కూరి తొక్కేవాళ్లం. ఏటా అక్టోబరులో ఒక శనివారం ఊరంతా వచ్చి పెట్టి చూసుకునేది. ఆడవాళ్లు బఠాణీ సూప్ తెచ్చేవాళ్లు. పేడలో దిగడమంటే పిల్లలకు పండగే, ఇంటికొస్తే మా అమ్మ గుమ్మం బయటే నిలబెట్టి బకెట్టుతో నీళ్లు కొట్టేది... సరే, అదలా ఉంచు. కట్ట కాపలాకు పెద్ద ఎవరనుకున్నావు? ఒన్నో మాస్టారే. ఉత్సవ కమిటీకీ ఆయనే పెద్ద. చప్పట్లు ఎక్కడుంటే ఆయన అక్కడ.

ఒక చలికాలం పెద్ద నీళ్లొచ్చాయి, దూలాలు ఆపాయి. మరుసటి వేసవిలో ఊరి ఉత్సవం. బ్యాండువాళ్లకు వేదిక కావాలి. మాస్టారు ఆ దూలాలు ఇచ్చేశాడు! మా నాన్న కాఫీ అంగడిలో అందరి ముందూ అడిగాడు. 'మాస్టారూ, అవి గాడిలో ఉండాల్సినవి, డాన్సుల కింద పరిచేవి కావు.' ఈయన కప్పు ఎత్తి పట్టుకుని, 'అంత నీళ్లు యాభై ఏళ్లకోసారి వస్తాయని జలశాఖవాళ్లే అన్నారు. పోయినేడు వచ్చేశాయి. మిగతా నలభై తొమ్మిదేళ్లూ హాయిగా నిద్రపోండి!' అన్నాడు. అంగడంతా ఘొల్లుమంది. 'లెక్కలు మాస్టారుకి వదిలేసి పాలు పితుక్కోవయ్యా' అన్నాడొకడు. నేను నాన్న పక్కనే ఉన్నాను. నా వేళ్ల మీద స్కేలు విరగ్గొట్టి అరిచిన నోరే అది! నాణేనికి లేని జ్ఞాపకం సముద్రానికి ఉంటుందా? ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు, పదిమంది నవ్వుతారని.

ఆ అక్టోబరులో దూలాలు పెట్టి చూడనే లేదు. నవంబరులో ఒక ఆదివారం, చర్చి వదిలే వేళకు, సముద్రాన్ని ఊరి మీదికి తోసే వాయవ్యపు గాలి లేచింది. మగవాళ్లంతా సందు దగ్గరికి పరుగెత్తి దూలాలు ఎత్తితే, రెండు దూలాలు గాడికి అందలేదు. వేదిక మూలకు సరిపోలేదని జానెడు జానెడు కోసేశారు! కోయించిందెవరో చెప్పాలా? పేడ కూరితే నీళ్లు పేడనే తోసుకొచ్చాయి. సందుకు ఎదురుగా మా తాల్కె పిన్ని ఇల్లు. అమ్మకు చెల్లెలు, ఎడమ తుంటి పనిచేయదు. అందరికన్నా పల్లపు గడప ఆమెదే. నాన్న పడవ వేసుకుని వెళ్లేసరికి నీళ్లు తలుపు పైకమ్మీ దాటాయి. పిన్ని అటక నిచ్చెన రెండో మెట్టు మీద దొరికింది. పైకి ఎక్కలేకపోయింది.

ఆయన్ని ఎవరూ ఏమీ చేయలేదు. విచారణలో 'అది చాలా అరుదైన సంఘటన' అన్నాడు, ఉద్యోగం నిలిచింది. నాన్న ఆయన ఇంటికి వెళ్లి, 'కేసు వద్దు, శిక్ష వద్దు. చర్చిలో లేచి నిలబడి, నాకు తెలిసే తప్పు చెప్పానని ఒక్క మాట అనండి, చాలు' అన్నాడు. 'సంభావ్యత నీకు అర్థం కాదులే' అన్నాడట ఆయన. నాన్న టోపీ పెట్టుకుని వచ్చేశాడు. ఆ మాట కోసం ఊరు ఏళ్ల తరబడి చూసింది. రాలేదు.

తర్వాత ఒక వసంతంలో ఆయన భార్య ఇమ్కె పోయింది. మంచి మనిషి, ఎవరికీ ఆమె మీద కోపం లేదు. ఇరుగుపొరుగు వంతు ప్రకారం శవపేటిక మేమే మోశాం, నాన్న ముందు పట్టాడు. మట్టి వేశాక చావింటికి వెళ్లి కాఫీ తాగడం మన ఆనవాయితీ. ఎంత పగ ఉన్నా ఆ కాఫీ తాగితే మనిషిని మళ్లీ కలుపుకున్నట్టే. మాస్టారు చర్చి నుంచి కప్పులు అరువు తెచ్చి బల్లల నిండా సర్ది, కేకు కోసి, తలుపు బార్లా తెరిచి గుమ్మంలో నిలబడ్డాడు. మాస్టారి ఇల్లు కుడివైపు. శ్మశానం గేటు దగ్గర నాన్న ఎడమకు తిరిగాడు. వెనక ఊరంతా ఎడమకే తిరిగింది. మర్నాడు ఆయనే కప్పులు బుట్టలో పెట్టుకుని తిరిగిచ్చాడు. చర్చిలో కప్పులు చూసుకునే ఆవిడ వాటిని కడగబోయి చూస్తే, అన్నీ పొడిగానే ఉన్నాయి, ఆయన తాగిన ఒక్కటి తప్ప.