ఆరు మీటర్ల రాయి

కొండకు రెండు వైపుల నుంచీ తొలుస్తున్న నీళ్ళ సొరంగం. తూర్పు కొసన బావ, పడమటి కొసన బావమరిది. ఇద్దరూ సర్వేయర్లు. మధ్యలో లెక్క ప్రకారం ఆరు మీటర్ల రాయి. కొండ చుట్టూ తిప్పి లాగిన ఒక ఫోను తీగ.

“...అందుకే చెప్తున్నా, మీ వాళ్ళందర్నీ ఓ రెండొందల మీటర్లు వెనక్కి పంపించు.”

“ఎందుకు పంపించాలి?”

“పంపించమంటున్నానుగా.”

“కారణం చెప్పండి సర్వేయరు గారూ, పుస్తకంలో రాసుకుంటాను.”

“సర్వేయరు గారేంట్రా? ఎనిమిది నెలల తర్వాత ఫోను చేస్తే బావా అనలేవా?”

“డ్యూటీలో బావలుండరు. నా గడప తొక్కొద్దని మీరే అన్నారుగా.”

“ఊరికే అన్నానా? మా ఇంటి నేల వాలుందని నాకు చెవిలో చెప్తే సరిపోయేది. చుట్టాలందరి ముందూ లేజర్ పెట్టి చూపించావ్.”

“లేజర్ తర్వాత పెట్టాను. ముందు మా అక్క చేతిలోంచి డబ్బా మూత జారి, వంటింట్లోంచి దొర్లుకుంటూ వీధి గుమ్మం దాకా వచ్చింది. అందరూ చూశారు. అది కూడా నేనే దొర్లించానా?”

“ఇప్పుడా మూత సంగతెందుకు? మనుషుల్ని పంపించు.”

“కారణం.”

“పన్నెండింటికి మేం పేలుస్తున్నాం.”

“తెలుసు. ఇవాళ మీరు మూడు మీటర్లు పేలుస్తారు. మిగిలిన మూడూ రేపు మేం పేలుస్తాం. కొండకి కన్నం పడేది మా చేతి మీద. పెద్ద సారు ఒప్పుకున్న సంగతే కదా.”

“ఒప్పుకున్నాడు. కాదన్నానా?”

“మరి మేం ఇవాళ ఖాళీ చెయ్యడమెందుకు? అయిదు మీటర్ల లోపుంటేనే అవతలివాళ్ళు ఖాళీ చెయ్యాలని రూలు. ఇక్కడ ఆరుంది. పుస్తకంలో ఉంది. మీ సంతకం, నా సంతకం పక్కపక్కనే ఉన్నాయి. మనం మాట్లాడుకోకపోయినా అవి ఉన్నాయి.”

“జాగ్రత్త కోసం అనుకో.”

“మీకు జాగ్రత్తా? హెల్మెట్‌లో వేరుశనక్కాయలు పోసుకుని తినే మనిషికి?”

“నవ్వులాట కాదురా.”

“నేనూ నవ్వట్లేదు. నాకు అర్థమైందిలెండి. మేం ఖాళీ చేస్తాం. మీరు మందు రెట్టింపు కూరుస్తారు. మొత్తం ఆరు మీటర్లూ ఒక్క దెబ్బకి ఎగరగొట్టి, దుమ్ము తగ్గేసరికి ఆ కన్నంలో నిలబడి ఫొటో దిగుతారు.”

“ఆరు మీటర్లు ఒక్క దెబ్బకి ఎగురుతాయిరా? ఏ బళ్ళో చదివావ్?”

“మీరు చదివిన బళ్ళోనే. మీకన్నా మూడేళ్ళు వెనక. మా వాళ్ళు పొద్దున్నించీ రాయి కడుగుతున్నారు, తెలుసా? రేపు ఫొటోలో బాగా పడాలని. పదకొండు మంది బకెట్లు పట్టుకుని ఉన్నారు. మెకానిక్కు అయితే డ్రిల్లు బండికి రంగు వేశాడు.”

“పదకొండు మందా? రాతి ముందేనా?”

“రాయి కడగాలంటే రాతి ముందే కదండీ ఉండాలి.”

“ముందు వాళ్ళని తీసెయ్. నీకు దణ్ణం పెడతా, తీసెయ్.”

“...దణ్ణమా? మీరా?”

“ఊఁ.”

“ఏం జరిగింది?”

“ఏం జరగలేదు.”

“బావా.”

“అబ్బో, ఇప్పుడొచ్చిందే బావ!”

“ఏం జరిగిందో చెప్పు బావా. ఆ చప్పుడేంటి?”

“మందు పెట్టడానికి డ్రిల్లుతో నడిమి కన్నం వేస్తున్నారు. మూడు మీటర్లు. ఇంకా సగం కూడా దిగలేదు. మందు కూర్చడానికి చాలా టైముంది.”

“బాగా దగ్గరగా వినిపిస్తోంది.”

“అదే. అదే చెప్తున్నా.”

“ఏది?”

“నీకు కొలత అద్దం గురించి నేను చెప్పాలా? లేజర్ పోయి అద్దానికి తగిలి వెనక్కి వస్తుంది, ఎంత దూరమో మిషన్ చెప్తుంది.”

“నాకు చెప్పక్కర్లేదు. మీ ఇంటి నేల కూడా దాంతోనే...”

“ఆగరా! నా అద్దం పగిలింది.”

“ఎప్పుడు?”

“పని మొదలెట్టిన నెలలోనే. చెయ్యి జారింది. ఎవరూ చూళ్ళేదు. స్టోరుకి పోయి ఇంకోటి తెచ్చుకున్నా.”

“దాంట్లో తప్పేముంది?”

“ఒక్కో రకం అద్దానికీ ఒక్కో అంకె ఉంటుందిగా, మిషన్‌లో అది మార్చాలిగా.”

“మార్చాలి. మార్చకపోతే ప్రతి కొలతలోనూ మూడు సెంటీమీటర్లు... బావా.”

“ఊఁ.”

“మార్చలేదా?”

“ఇవాళ పొద్దున అద్దం పెట్టె తుడుస్తుంటే మూత లోపల ఆ అంకె రాసిన చీటీ కనిపించింది. అప్పుడు చూశా.”

“ఇన్నాళ్ళూ ఆ పెట్టె తెరవలేదా?”

“తెరిచా. మూత లోపల ఎవడు చూస్తాడు?”

“ఎన్ని కొలతలు?”

“యాభై.”

“యాభై మూళ్ళు నూటయాభై. మీటరున్నర! కొలత తక్కువ చూపిస్తూ వచ్చింది. అంటే మీరు రాసుకున్నదాని కన్నా మీటరున్నర ముందుకి వచ్చేశారు.”

“వచ్చేశాం.”

“అంటే మధ్యలో ఉన్నది ఆరు కాదు, నాలుగున్నర.”

“అయిదు లోపు. అందుకే పంపించమంటున్నా. ఇప్పుడు రాసుకో పుస్తకంలో. కారణం కావాలన్నావుగా, రాసుకో.”

“ఒక్క నిమిషం. ఫోను పెట్టెయ్యకు... ఒరేయ్! బకెట్లు అక్కడే పడేసి బయటికి నడవండి! అందరూ! రంగు ఆరకపోతే ఆరకపోయింది, బండి వదిలెయ్! నడు! ...వెళ్ళారు బావా.”

“పదకొండు మందీ?”

“లెక్కపెట్టాను. మెకానిక్కుతో పన్నెండు. రెండొందల మీటర్లు పోయే దాకా ఎక్కడా ఆగొద్దన్నాను.”

“హమ్మయ్య. ఇప్పుడు నువ్వూ పో.”

“వెళ్తాలే. ఒక్క నిమిషం నన్ను ఆనందించనీ.”

“ఇదిగో, ఇందుకే చెప్పలేదు.”

“ఇరవయ్యేళ్ళ సర్వీసు! కొత్తవాళ్ళకి పాఠం చెప్పే మనిషి! ‘అద్దం మారిస్తే అంకె మార్చాలి, ముందు పెట్టె చీటీ చదవాలి’ అని నాకు నేర్పించిందెవరు?”

“నేనే.”

“నా మిషన్ ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని రమ్మన్నదెవరు?”

“నేనేరా.”

“ఒక్కసారి గట్టిగా చెప్పు, ‘తప్పు నాది’ అని.”

“తప్పు నాది.”

“ఇంకోసారి. డ్రిల్లు చప్పుడులో వినపళ్ళేదు.”

“తప్పు నాదిరా! పెద్ద సారుకి కూడా చెప్తా. ఈ కన్నం పూర్తవగానే పోయి నా నోటితో నేనే చెప్తా. ఉంచుతాడో, సంచి సర్దుకోమంటాడో ఆయనిష్టం.”

“ఛ. అంతదాకా పోదులే. మనుషుల్ని తీయించింది నువ్వే అని నేను చెప్తాను.”

“చెప్తావా?”

“చెప్తాను. నవ్వుతూ చెప్తాను గానీ, చెప్తాను.”

“సర్లే. మీ అక్కతో మాత్రం...”

“అక్కకి ముందు చెప్తాను.”

“నీ సంగతి తెలిసే అడిగా. అవునూ, నీ అద్దం ఏది?”

“నా అద్దానికేం? దివ్యంగా ఉంది.”

“మొదట్నించీ అదేనా?”

“ఎందుకడుగుతున్నావ్?”

“స్టోరువాడు నాకు అద్దమిస్తూ, ఇలాంటిదే పడమటికీ ఒకటి పంపానన్నాడు.”

“స్టోరువాడు చాలా అంటాడు. నాకు బూట్లు పంపానని కూడా అన్నాడు. రెండూ ఎడమ కాలివే వచ్చాయి.”

“బూట్లు కాదు, అద్దం.”

“నా పాతది లోడరు కింద పడింది. అది నా తప్పు కాదు, లోడరువాడిది.”

“ఎవరి తప్పని నేనడగలేదు. కొత్తది వచ్చినప్పుడు అంకె మార్చావా?”

“చూడు బావా. నీకు జరిగిందని అందరికీ జరగాలని ఎక్కడా లేదు.”

“మార్చావా, లేదా?”

“నేను నీ శిష్యుణ్ణి.”

“అదే నా భయం. చీటీ చదివావా?”

“చదివే ఉంటాను.”

“ఉంటావా?”

“ఎప్పటి మాటో అది. ఇప్పుడు గుర్తుంటుందా? నా లెక్క లెక్కే. నా వైపు వెంట్రుకవాసి తేడా లేదు. మధ్యలో నాలుగున్నర ఉందంటే నాలుగున్నరే. మీ మూడు మీటర్లు పోతే మాకు మీటరున్నర మిగులుతుంది. రేపు అది చాలు, మా వాళ్ళ ఫొటోకి.”

“పెట్టె నీ దగ్గరే ఉందా?”

“కాళ్ళ దగ్గరే ఉంది.”

“మూత తీసి చూడు.”

“తర్వాత చూస్తాలే.”

“ఇప్పుడు చూడరా.”

“దుమ్ము పడింది. చీటీ సరిగ్గా కనిపించట్లేదు.”

“తుడిచి చూడు.”

“తుడిస్తే చిరుగుతుంది.”

“ఏరా, నీ గొంతు మారిందేం?”

“ఏం మారలేదు. ఇక్కడ రాయి కొంచెం... మీ వాళ్ళు ఎంతదాకా దిగారు?”

“అయిపోయింది. మూడు మీటర్లూ దిగింది. చప్పుడు ఆగిందిగా? ఇక డ్రిల్లు రాడ్డు వెనక్కి లాగుతారు.”

“లాగొద్దని చెప్పు.”

“ఎందుకు?”

“ఒక్క నిమిషం లాగొద్దని చెప్పు బావా.”

“ఆపరా, లాగకు! ...ఆపాడు. చెప్పు. నువ్వింకా అక్కడే ఉన్నావా? చీటీ కనిపించిందా?”

“చీటీతో పని లేదు.”

“మరి?”

“అక్కకి చెప్పాల్సింది ఇద్దరం కలిసే చెబుదాం బావా. నా లేజర్ చుక్క ఇందాకటి దాకా రాతి మీద ఉంది. ఇప్పుడు మీ రాడ్డు ముక్కు మీద ఎర్రగా వెలుగుతోంది, బెత్తెడు నా వైపుకి పొడుచుకొచ్చి.”