కళ్లజోడుతో ఒక నగ్నచిత్రం

పందొమ్మిది వందల తొంభై మూడు, జూలై ఐదవ తేదీన మా చిత్రకళా కళాశాలలో రేఖాచిత్ర అధ్యాపకురాలిగా అడుగుపెట్టిన మేడమ్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. పక్కగదిలో శిల్పాలు చెక్కుతూ, వారి తరగతిలోని నవ్వులకు తరచూ ఉలి జారవిడుచుకున్న సహోద్యోగిగా ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది.

వారు రాకముందు నగ్నచిత్ర తరగతిలో మోడల్ అంటే దివాను మీద ఒత్తిగిలి, ముఖం గోడవైపు తిప్పుకోవలసిన మనిషి. మేడమ్ గారు తొలిరోజే దివానును సామాన్ల గదికి సాగనంపి, "మీకెలా హాయిగా ఉంటే అలా కూర్చోండమ్మా" అన్నారు. మోడల్‌గా వచ్చినావిడ కాళ్లు బారజాపి పెద్దగా ఆవులించింది. ఆ ఆవులింతను గీయలేక విద్యార్థులు చెమటలు కక్కారు. "అందం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆవిడకి నిద్ర చాలలేదని గీతలో తెలియాలి" అన్నారు మేడమ్ గారు. తరతరాలుగా పరుల చూపుకు అలంకారంగా నిలిచిన స్త్రీదేహం వారి రేఖల్లో అలసట, అభిమానం గల సజీవ వ్యక్తిత్వాన్ని సంతరించుకున్నది.

యాభయ్యో ఏట వారు అద్దం ముందు కూర్చుని తమ నగ్నచిత్రాన్ని తామే నిలువెత్తున బొగ్గుతో గీశారు. ఆపరేషన్ మచ్చ, పొట్ట మడతలు, కళ్లజోడు, దాని వెనుక సూటి చూపు, ఏదీ దాచలేదు. వార్షిక ప్రదర్శనలో దాన్ని చూసిన నాటి ప్రిన్సిపాల్ గారు వెంటనే పిలిపించారు. మేడమ్ గారు మొండికేస్తే విభాగాధిపతి పదవి దక్కదని అప్పటికే అందరూ చెవులు కొరుక్కుంటున్నారు.

"బట్టలు లేకపోతే పోనీండి, కళ అనుకుంటాం. ఆ కళ్లజోడొకటి చెరిపేయండి మేడమ్. నన్నే చూస్తున్నట్టుంది" అన్నారాయన, కిటికీవైపు చూస్తూ.

"అది తీస్తే అద్దంలో నాకు నేనే కనపడనండీ. ఇక గీసేదెలా?"

పదవి వేరొకరికి వెళ్లింది. చిత్రం మాత్రం గోడ దిగలేదు. దించాలంటే దాని ఎదుట నిలబడాలి, ఆయనకు ధైర్యం చాలలేదు.

ప్రదర్శన మూడోనాడు మేడమ్ గారి అత్తగారు వచ్చారు. మేమంతా స్తంభాల చాటుకు సర్దుకున్నాం. ఎనభై ఏళ్ల ఆ పెద్దావిడ చాలాసేపు చూసి, "మోకాలు వాచినట్టుంది. నొప్పిగా ఉందని నాతో ఒక్కసారైనా చెప్పలేదేం?" అని కోడలిని అడిగారు. తర్వాత గొంతు తగ్గించి, "నన్నూ గీస్తావా? పొట్ట తగ్గించావంటే మాత్రం ఊరుకోను. ఐదుగురిని మోసింది" అన్నారు. మేడమ్ గారు కళ్లు తుడుచుకోగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ రెండో చిత్రం పెద్దావిడ ఉన్నన్నాళ్లూ ఆమె మంచానికి ఎదురుగానే ఉండేది. చూడవచ్చిన బంధువులు కాఫీ చల్లారకముందే లేచేవారట.

నాలుగేళ్ల తర్వాత ఆ పదవి తానే నడిచి వారి దగ్గరకు వచ్చింది. ఇప్పుడు ఇంట్లో వెలుతురున్న గది వారికోసం ఖాళీ అయింది. "ఇక తీరికే తీరిక. మోడల్ కోసం ఎంతో దూరం వెళ్లదుగా" అంటూ వారి శ్రీవారు నెలరోజులుగా పొద్దున్నే నడకకు పోతున్నారు. "ఎంత నడిచినా ఉన్నది ఉన్నట్టే గీస్తాను" అని మేడమ్ గారు తేల్చేశారట. ఆయనకు కదలకుండా కూర్చునే ఓపికా, మేడమ్ గారి చేతికి తరగని పదునూ, ఇద్దరికీ నిండైన ఆరోగ్యమూ, ఎన్ని కాగితాలు తెచ్చుకున్నా చాలనంత దీర్ఘాయుష్షూ కలగాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను.