ఖాళీ డ్రమ్ము, ఇప్పపూల గంప

అది తొంభై ఏడు, ఎండాకాలం ముచ్చట. ఇప్పపూలు రాలే రోజులు. రా వనజా, ఫ్యాన్ కిందికి జరిగి కూసో. ఏందీ, నీ డిప్లొమా బుక్కుల గూడ గదే ఉన్నదా? శూన్యంలకు పోయే గ్యాస్ పని చెయ్యదని? అరె, ఆ ఒక్క మాట మీదనే గదా మీ తాత జంపయ్య బతుకు ఖలాసీ కాడనే ఆగింది. నీకెవ్వలు చెప్పలేదా? ఆయన పోయి పన్నెండేండ్లాయె, అప్పుడు నీవు ఇంత ఉంటివి. మేమిద్దరం పాల్వంచ అవతల కరెంటు ప్లాంట్ల ఖలాసీలం. ఖలాసీ అంటే ఏందనుకున్నవ్, బరువులు మోసుడు, పైపులు గుంజుడు, తుడుసుడు. అదే ఆపరేటరైతే కుర్చీల కూసోని మీటర్లు చూసుడే. దానికి పరీక్ష పెట్టిన్రు. షిఫ్ట్ దిగినంక పాఠం చెప్పేటందుకు వెంకటేశ్వరరావు సారు వచ్చేటోడు. మధిర దిక్కు మనిషి, మాట మెత్తగ ఉంటది. “చూడండయ్యా, ఈ డ్రమ్ములో గ్యాస్ ఉంది. ఆ డ్రమ్ములో ఏమీ లేదు, గాలి కూడా లేదు. మధ్యలో వాల్వు తిప్పితే గ్యాస్ అటు పోతుంది. కానీ అది ఏ పనీ చెయ్యదు. అర్థమైందా జంపయ్యా?” “అయింది సారూ. పని చెయ్యకుంటే ఖరాబైనట్టే. తీసేసి కొత్త గ్యాస్ నింపాలె.” ఇగ చూడు నవ్వులు! మోటరు పని చేస్తలేదు, పంపు పని చేస్తలేదు అని పొద్దంత వినే చెవులాయె, ఆయన తప్పేమున్నది? సారు నవ్వలే. “అది కాదయ్యా. టర్బైన్‌లో రెక్కలు అడ్డముంటాయి కాబట్టి ఆవిరి వాటిని నెట్టి తిప్పుతుంది, అది పని. ఇక్కడ నెట్టడానికి ఎదురుగా ఏముంది?” అన్నడు. మీ తాత మొండి. “ఎదురు లేకుంటే ఏంది సారూ, గంత దూరం ఉరికింది గదా” అని పది రోజులు గదే పట్టుకున్నడు. నేనా? నేను బట్టీ పట్టిన, అంతే. సునందా, ఈ పిల్లకు చాయ్ పెట్టు బిడ్డా.

ఏడున్నం? ఆఁ, ఆ మొండి తీరింది తలుపు కాడ. మీ పాతింటి తలుపు ఎప్పుడూ బిగుసుకపోయేది, భుజం పెట్టి నూకితేగాని రాకపోయేది. ఓనాడు డ్యూటీ దిగొచ్చి, ఎప్పటిలెక్కనే భుజం పెట్టి నూకిండు. సరిగ్గ అప్పుడే మీ నాయనమ్మ గంగక్క లోపటికెల్లి తలుపు గుంజింది. దబ్బున పోయి లోపట పడ్డడు. ఇప్పపూల గంప బోర్లపడి ఇల్లంత పూలే. “ఏందయ్యా, తాగొచ్చినవా?” అంటది ఆమె. ఈయన కింద పడే నవ్వుతుండు. “దొరికిందే గంగా! ఎదురు లేకపాయె, నా బలానికి పని లేకపాయె!” “పని లేకుంటే ఈ పూలు ఏరు” అన్నది. ఏరిండు. మంచం కింద, రోలు ఎనక, పొద్దుగూకేదాక ఏరిండు. తెల్లారి నాతోటి అంటడు, “మంగన్నా, పారబోసేటందుకు చెమట గూడ పట్టలే. మళ్ల గంపకెత్తేటందుకు నడుము పోయింది. గ్యాస్ గూడ గంతే గదా, మళ్ల మొదటి డ్రమ్ములకే కుక్కాలంటే కంప్రెసర్ నడవాలె. సారు ఆ మాట చెప్పడేంది?” పోయి అడిగిండు గూడ. “నిజమేనయ్యా, కానీ అది ఇంకో పాఠం” అన్నడు సారు.

పరీక్ష నోటితోటే. బయటి ఆఫీసరొచ్చిండు. ఇద్దరికీ ఒకటే ప్రశ్న, ఖాళీ డ్రమ్ములకు పోయిన గ్యాస్ ఎంత పని చేసిందని. “సున్నా సార్” అన్న, బయటికొచ్చిన. మీ తాత పోయిండు. తలుపు సందుల నిలవడి ఇంటున్న. “పోయేటప్పుడు సున్నా సార్. మళ్ల ఎనక్కి తేవాలంటే మాత్రం...” “అడిగిందానికి చెప్పు.” “చెప్తున్న సార్, తెచ్చేటోని పని గూడ...” “ఒక్క మాట. సున్నానా, కాదా?” “సగం మాట నేను చెప్ప సార్.” కాగితం మీద పెన్ను గీసినట్టు ఇనపడ్డది. నేను లోపటికి పోయి, సార్, ఆయనకు నాకంటె ఎక్కువ తెలుసు అని ఒక్కమాట అనొద్దా? అనలే. నాది అయిపోయింది గదా.

చాయ్ చల్లారుతుంది, తాగు.

నేను ఆపరేటర్నైన. మీ తాత ఇంకో పదమూడేండ్లు చేసి, ఖలాసీగనే దిగిపోయిండు.