రాసివ్వని శుక్రవారం మాటలు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా స్కూలు కరస్పాండెంట్ రామమోహనరావు గారికి, పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, నా దగ్గర లెక్కలు నేర్చుకుని ఇప్పుడు నాకే శాలువా కప్పిన పాత విద్యార్థులకు, ముప్పై ఒక్క ఏళ్లు ఒకే స్టాఫ్‌రూమ్‌లో నన్ను భరించిన తోటి టీచర్లకు నమస్కారం.

ఇందాకటి నుంచి అందరూ నన్ను ఓర్పుగల మనిషంటున్నారు. పట్టాభి మాస్టారైతే 'కోపమే ఎరగని వైస్ ప్రిన్సిపాల్' అనేశారు. మాస్టారూ, నేనిచ్చిన మెమోలు దాచారా, పారేశారా? (నవ్వులు)

ఈ నవ్వులుండగానే అసలు సంగతి చెప్పేస్తాను. ఆలస్యమైతే నాకు ధైర్యం చాలదు.

మూడేళ్ల క్రితం అర్ధ సంవత్సర పరీక్షలవగానే ఒక తండ్రి ఏడో తరగతిలోకి వచ్చి, అంతకుముందు యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయని మా సైన్స్ టీచర్ జాస్మిన్‌ను పిల్లల ముందే నానా మాటలన్నాడు. మర్నాడు హోంవర్క్ చేయని ఇంకో పిల్లాడి నోటుబుక్కును జాస్మిన్ గోడకేసి కొట్టింది. పిల్లాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను జాస్మిన్‌ను పిలిచి, ఎందుకని కూడా అడగకుండా, తెల్లకాగితం ముందుకు తోసి సంజాయిషీ రాయమన్నాను. రాసిచ్చి, వెళ్లకుండా నిలబడింది.

"మేడమ్, ఎల్బీ నగర్ల బస్సు దిగినంక బడి దిక్కు అడుగు పడ్తలేదు. నాకేమైతుందో నాకే సమజైతలేదు."

నేను గడియారం చూశాను. "బెల్ అయింది, క్లాసుకు పో" అన్నాను.

ఆ మర్నాటి నుంచి రాలేదు. అయిదో రోజు పెద్ద అంబర్‌పేట్‌లో వాళ్లింటికి వెళ్లాను. పరామర్శకని మీరు అనుకుంటారేమో, కాదు. దిద్దని జవాబు పత్రాలు తెచ్చుకోవడానికి. వాళ్లమ్మ బాలమ్మ ఆ కట్ట తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"నా బిడ్డ సక్కగ అన్నం తినక నాలుగు దినాలాయె మేడమ్. గింతమంది సదువుకున్నోళ్లు ఒక్కకాడ ఉంటరు గదా, ఏమైందని ఒక్కరన్న అడగరా?"

(కొంచెం నీళ్లు ఇవ్వండమ్మా.)

కట్ట పక్కన పెట్టి లోపలికి వెళ్లి అడిగాను. జాస్మిన్ గంటసేపు మాట్లాడింది. 'మేమూ పడ్డాం ఇవన్నీ' అని మూడుసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. "పుస్తకం విసిరినప్పుడు నీకు ఎవరు కనిపించారు?" అని మాత్రం అడిగాను. అప్పుడంది: "గా తండ్రి కనవడ్డడు మేడమ్. పోరడు ఊకెనే నడుమల దొరికిండు."

ఆ మాట నేను చెప్పి ఉంటే తిట్టులా ఉండేది. తనంతట తాను తెలుసుకుంది. సోమవారం వచ్చి, క్లాసందరి ముందూ ఆ పిల్లాడిని క్షమాపణ అడిగింది.

అలా మొదలైంది మా శుక్రవారం. ఆఖరి బెల్ అయ్యాక సైన్స్ ల్యాబ్‌లో నలభై నిమిషాలు. ఒకరు తమ క్లాసులో జరిగింది చెబుతారు. మిగతావాళ్లు సలహా ఇవ్వకూడదు, తప్పొప్పులు తేల్చకూడదు. వినాలి, అడగాలి. అక్కడి మాట అక్కడే ఉండాలి. జాస్మిన్ ఒప్పుకుంది కాబట్టి తన సంగతి చెప్పాను, ఇంకెవరిదీ చెప్పను. 'ముచ్చట్ల మీటింగ్' అని వెక్కిరించిన పట్టాభి మాస్టారే తర్వాత కుర్చీలు వేసేవారని మాత్రం చెప్పగలను. (నవ్వులు)

ఒకరోజు రామమోహనరావు గారు నన్ను పిలిచారు. "హెప్సిబా గారూ, శుక్రవారం నా మీద ఏం మాట్లాడుకుంటున్నారండీ? ఎవరేమన్నారో కాస్త రాసివ్వండి" అన్నారు.

"రాసివ్వనండి" అన్నాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆయన నాతో చీటీల మీదే మాట్లాడారు. గత సోమవారం నోటీసు వచ్చింది: వచ్చే నెల నుంచి శుక్రవారం మా నలభై నిమిషాల బదులు ఫలితాల సమీక్ష. ఈ వేదిక మీద ఆ ఊసెత్తవద్దని నలుగురు నన్ను బతిమాలారు.

(అధ్యక్షుల వైపు తిరిగి)

సార్, మీరూ ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెగదిలో ఫిజిక్స్ చెప్పినవారే. ఆ ల్యాబ్‌లో మీ మీద కుట్రలేమీ జరగడం లేదు. రేపు పొద్దున క్లాసులోకి ఎలా వెళ్లాలో వెతుక్కుంటున్నాం. ఒక్క శుక్రవారం వచ్చి కూర్చోండి.

(అధ్యక్షులు మైకు అందుకుని: "వస్తే నేను కూడా చెప్పాలా అండీ?")

అక్కర్లేదండి. వింటే చాలు.

("నెల రోజులు నోటీసు ఆపుతాను. వచ్చి చూస్తాను. అంతకుమించి మాటివ్వలేను.")

ఇవ్వకండి సార్. రండి, చాలు. (చప్పట్లు)

జాస్మిన్, ఇక నువ్వే నడపాలి. నాకు సలహా ఇవ్వాలనే ఉంది కానీ ఇవ్వను.

చివరగా ఒక మాట. సోమవారం నుంచి నేను ఏ క్లాసుకీ వెళ్లక్కర్లేదు. ఏమైందని నన్ను అడిగేవాళ్లూ ఉండరేమోనని పది రోజులుగా భయంగా ఉంది. ఇంట్లో కూడా చెప్పలేదు. ఇప్పుడు మీ అందరితో చెప్పాను, మీరు విన్నారు. అందుకు మీకు కృతజ్ఞతలు.

సెలవు.