చింతపండు బస్తా ముంగట దగ్గు

ఆ దగ్గుడా? నువ్వు గూడ కనిపెట్టినవా. కూసో కీర్తీ, ఆ పీట ఇటు గుంజుకో. ఫోన్ల రికార్డు వెట్టుకుంటే పెట్టుకో బిడ్డా, నాకేం ఫికర్ లేదు. కింద మన దుకాణంల పొద్దుగాల మొదటి బస్తా లేపేముందు హమాలీలు దాన్ని మూడుసార్లు తట్టుతరు, 'ఉన్నవా' అంటరు, జరసేపు ఊకె నిలవడ్తరు, ఒక్కపారి దగ్గుతరు, చెయ్యి కండ్లకద్దుకుంటరు, అప్పుడు లేపుతరు. పుట్టినప్పటిసంది చూస్తున్నవ్, ఇయ్యాల అడుగుతున్నవ్. మీ సార్ చెప్పిండా, మనిషికి దేవుడెట్ల తోచిండో ఎతికి రాసుకరమ్మని? ఏంది, మళ్ళ చెప్పు. గడ్డిల సప్పుడైతే గాలే అనుకున్నోన్ని పులి తిన్నది, పులే అనుకోని ఉరికినోడు బతికిండు, మనమందరం ఆ ఉరికినోని పిల్లలం. అందుకే ఏ సప్పుడయినా ఎన్కాల ఎవరో ఉన్నరనిపిస్తదంటడా మీ సార్. మంచిగనే చెప్పిండు పాపం. ఆయన మన ఉస్మాన్‌గంజ్‌ల ఒక్క దినం మోత మోస్తే గా ముక్క చెప్పనీకె మూడు నెలలు పట్టకపోతుండె.

సరే విను. ఇదంత మొదలువెట్టింది ఇస్సాకు. నువ్వు పుట్టే పదేండ్ల ముందే పోయిండు. మా నాయన జమానాల మన హమాలీలకు ఆయనే పెద్ద. ఎత్తు మనిషి, నల్లగ, నెత్తికి ఎర్ర రుమాలు. ఆ రుమాలు పత్తర్‌గట్టిల ఒక్క దుకాణంలనే కొంటుండె, ప్రతిసారి రంగు పోతుండె, ప్రతిసారి పోయి ఆ దుకాణపోనితోని లొల్లి వెట్టుకుంటుండె, మళ్ళ ఆడనే కొంటుండె. ఎందుకట్ల అంటే, 'తెలిసినోడు చిన్నసేటూ' అంటుండె. నన్ను చిన్నసేటు అనేటోడు. ఐతారమొస్తే తెల్ల అంగీ తొడుక్కోని, మాణిక్యమ్మను ఎంటవెట్టుకోని చర్చికి పోతుండె. మాణిక్యమ్మ అంటే ఆయన భార్య. నోరు జర పెద్దది గని మనసు మంచిది.

ఇస్సాకు గోదాంల అడుగువెట్టి, మొదటి బస్తాను మూడుసార్లు తట్టి, 'ఉన్నవా' అని, చెవి వెట్టి నిలవడుతుండె. గంతే. ఎందుకని ఎవ్వలడగలే. పెద్దోడు చేస్తుండంటే ఏదో ఉంటదని ఎన్కున్నోళ్ళు గూడ తట్టుడు షురూ చేసిండ్రు. మనది మిర్చి గోదాం గద, పొద్దుగాల తలుపు తీస్తే ఘాటు ముక్కులకు కొడ్తది, ఆయనకు దగ్గొస్తుండె. అది గూడ అండ్ల భాగమే అనుకోని వీళ్ళు దగ్గుడు. నవ్వకు, నిజంగనే. దగ్గు రానోడు గూడ గొంతు సవరించుకోని దగ్గుతుండె. కండ్లల్ల నీళ్ళొస్తె ఆయన తుడుసుకుంటుండె గద, వీళ్ళకది కండ్లకద్దుకునుడు లెక్క కనవడ్డది. ఇగ మా అమ్మ రుక్మిణమ్మ ఊకుంటదా, మొదటి బస్తాకు పసుపు కుంకుమ వెట్టుడు మొదలువెట్టింది. లారీ డ్రైవర్ కరీం భాయ్ 'బిస్మిల్లా' అని గప్పుడు గొలుసు ఇప్పుతుండె. ఎవ్వలది వాళ్ళు కలిపిండ్రు. మాణిక్యమ్మ వచ్చి మా అమ్మకాడ మొత్తుకునేది, 'మా ఆయన బస్తాకు మొక్కుతుండంట, చర్చిల అందరు నన్నడుగుతున్నరు' అని. ఇస్సాకు నవ్వుతుండె. ఔననకపోతుండె, కాదనకపోతుండె.

నాకప్పుడు ఇరవై ఒకటి. నయాపూల్ కాడ కాలేజీల బీయెస్సీ. మన ఖాందాన్ల మొదటి బీయెస్సీ నేనే, ఇగ నా మిడిసిపాటు అడగకు. అందరి ముంగట 'ఏందీ మూఢనమ్మకం' అని మాట్లాడేటోన్ని. ఒకనాడు ఇస్సాకును ఒక్కన్ని పట్టుకోని అడిగిన. పెద్దగ ఏం దాయలే. మూసీ దగ్గర గద మనకు, గోదాంలకు ఎలుకలొస్తయ్, ఎలుకల కోసం పాములొస్తయ్. వయసుల ఉన్నప్పుడు వేరే గోదాంల ఆయన సొంత అన్నను బస్తా కిందున్న పాము కరిచి సచ్చిపోయిండంట. తట్టి జరసేపు ఆగితే అది కదుల్తది, సప్పుడొస్తది. ఉన్నవా అన్నది పామును. గంతే సంగతి. చెప్పి, 'నీకొక్కనికే చెప్తున్న చిన్నసేటూ, ఎవ్వలకనకు' అన్నడు. ఎందుకు వద్దన్నడో నేను ఆలోచన చెయ్యలే. పాము సంగతి తెలుసుడు మంచిదే గద అనుకున్న.

మూడు దినాలు గూడ ఆగలే నేను. హోటల్ల చాయ్ తాగుకుంట, హమాలీలందరి ముంగట, సైన్సు చెప్తున్నట్టు చెప్పిన. అండ్ల దేవుడు లేడు, దయ్యం లేదు, పాము కోసం మీరంత దగ్గుతున్నరని. అందరు మస్తు నవ్విండ్రు. ఇస్సాకు కొడుకు సామ్యూల్ అందరికంటె ఎక్కువ నవ్విండు. నా ఈడోడే, పెండ్లయి నాలుగు నెలలైతుండె, మంచి హుషారు మనిషి. ఇస్సాకు ఆ మూలకు కూసోని చాయ్ తాగుతుండె. నా దిక్కు ఒక్కపారి చూసిండు, సాసర్ల చాయ్ ఒంపుకోని తాగిండు. తిట్టినా బాగుండు.

ఇగ చూడు, తమాషా ఏంటిదంటే, తెల్లారి నుంచి అందరు తట్టాలె గద, పాముందని తెలిసింది గద. వారం తట్టిండ్రు. తర్వాత ఒకడు మర్సిండు, ఏం గాలే. ఇంకొకడు మర్సిండు, ఏం గాలే. దేవుడనుకున్నన్నాళ్ళు ఒక్కడు మరవలే బిడ్డా, జరమొచ్చినోడు గూడ మరవలే. పామని తెలిసినంక నెల తిరగకముందే ఇస్సాకు ఒక్కడే మిగిలిండు. ఒక పొద్దుగాల ఆయన రాకముందే లారీ వచ్చింది. సామ్యూల్ సీద పోయి బస్తా కిందికెల్లి చెయ్యి వెట్టిండు.

సావలే, బతికిండు. దవాఖానల ఇరవై దినాలున్నడు. గని కుడిచెయ్యి సచ్చువడ్డది, నాలుగు వేళ్ళు ముడుసుకపోయినయ్. ఆ చేత్తోని బస్తా ఏం లేపుతడు. అరవై దాటంగనే కొడుకు మీద వదిలి ఇంట్ల కూసుంటనని చెప్పుకునేటోడు ఇస్సాకు. గా మనిషి అరవై ఎనిమిదేండ్ల దాంక మోసిండు. నా కండ్ల ముంగట, నా దుకాణంల. మా నాయన మోత ఇడిసిపెట్టి కావలి ఉండుమన్నడు, ఒప్పుకోలే.

అసలు చెప్పాల్సింది ఇంకోటుంది. సామ్యూల్‌ను కరిచిన రెండో దినం ఇస్సాకు పనికొచ్చిండు. హమాలీలందరు గోదాం ముంగట నిలవడ్డరు, లోపటికి పోతలేరు. ఒకడన్నడు, 'పెద్దయ్యా, మొక్కుడు ఇడిసినందుకే కోపమొచ్చిందా దానికి?' అందరు ఆయన మొఖమే చూస్తున్నరు. నేను గల్లా కాడ నిలవడి ఉన్న. చిన్నసేటు చెప్పినందుకే నా కొడుకు చెయ్యి పోయిందని ఆయన ఒక్కమాటంటే అయిపాయె, ఆ మాట నిజం గూడ. ఆయన రుమాలు సదురుకోని లోపటికి పోయిండు. మొదటి బస్తాను మూడుసార్లు తట్టిండు. ఉన్నవా అన్నడు. ఆగిండు. ఆగి, దగ్గిండు. చెయ్యి కండ్లకద్దుకున్నడు. ఎన్కాల అందరు లైనుగ పోయి తట్టిండ్రు, దగ్గిండ్రు.

ఆ దినం మిర్చి లేకుండె బిడ్డా. మిర్చి అంత అమ్ముడువోయి, గోదాం నిండ చింతపండుండె. చింతపండుకు ఎవనికి దగ్గొస్తది?

అది నాకొక్కనికే సమజైంది. పొద్దుమీకి ఆయన చేతులు కడుక్కుంటుంటే పక్కకు పోయి అడిగిన, ఎందుకు దగ్గినవని. చర్చికి పోయేటోడు, అబద్ధమాడనోడు. నీళ్ళు తుడుసుకుంట అన్నడు, 'పాముకైతే వారం ఆగుతరు చిన్నసేటూ. దేవునికైతే రోజూ ఆగుతరు. నాకు ఆగుడు కావాలె.' గంతే. నా తప్పు సంగతి ఆయన ఎత్తలే. నేనూ ఎత్తలే. నాదే తప్పని, మాఫ్ చెయ్యమని అనాలని మస్తుసార్లనుకున్న. ఇరవై రెండేండ్లు రోజూ మొఖాలు చూసుకున్నం, అనలే.

గిది ఎవ్వలకు చెప్పలే, మీ నాయనమ్మకు గూడ. రాసుకుంటవా? రాసుకో, సదువు నీది. గని కింద మనోళ్ళ చెవుల పడనియ్యకు. అవును, సిమెంటు గోదాం కట్టినంక ముప్పై ఏండ్లసంది పాము కనవడలే, నాకు తెల్వదా. ఇప్పుడు బీహార్ పోరగాళ్ళొచ్చిండ్రు, వాళ్ళు గూడ దగ్గుతరు, ఎందుకని అడిగితే 'యహా కా రివాజ్ హై బాబూజీ', ఈడి ఆనవాయితీ గద అంటరు. ఆగుతున్నరు గద, ఆగనీ. పొద్దుగాల వాళ్ళకంటె ముందుగాల నేనే కట్టె పట్టుకోని దిగుతా, చూసినవ్ గద. మోకాళ్ళ నొప్పులున్నోడు మెట్లెందుకు దిగుతడని మీ అమ్మ కోపం జేస్తది. మొదటి బస్తా నేనే తట్టుతా. ఉన్నవా అంటా. నేనడిగేది పామును గాదు బిడ్డా. దేవున్ని గూడ గాదు. 'చిన్నసేటూ' అని పిలుస్తడేమోనని జరసేపు నిలవడి వింటా.

ఆ ఫోన్ బంద్ చెయ్ ఇగ. మీ అమ్మ అన్నం పెట్టిందేమో చూసిరాపో.