పక్కగాలిలో ఆ రెండు క్షణాలు: సూర్యప్రకాశ్ గారికి అభినందన

1998 మార్చి 14, శనివారం నాడు శ్రీ సూర్యప్రకాశ్ గారు అమెరికాలో ట్రాయ్ ఊరి పక్కనున్న మా ఫ్లయింగ్ స్కూల్లో శిక్షకులుగా చేరారు. ఆ ఉదయం మంచు పడి విమానాలేవీ లేవలేదు. బయట ఒకాయన చీపురుతో రెక్కల మీది మంచు దులుపుతుంటే, అప్పుడే మెకానిక్‌గా కుదురుకుంటున్న నేను కొత్త హెల్పర్ అనుకుని, "తోక కూడా దులుపు బ్రదర్" అన్నాను. మారు మాట్లాడకుండా దులిపారు. మధ్యాహ్నం పరిచయాలప్పుడు నా ముఖం చూడాలి!

మొదటి ఏడేళ్లూ వారు వారమంతా కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేస్తూ, శని, ఆదివారాలు మాత్రమే పాఠాలు చెప్పేవారు. 2005లో ఆ ఉద్యోగం వదిలి పూర్తిగా మా దగ్గరికి వచ్చేశారు. వారి సతీమణి పద్మిని గారు పిక్నిక్‌లో అందరి ముందూ, "ఊరందరికీ విమానం నేర్పుతారు, గరాజ్‌లోంచి కారు రివర్స్ చేయాలంటే మాత్రం నన్నే పిలుస్తారు" అంటే, అందరికంటే ముందు నవ్వింది ఆయనే.

2011 అక్టోబరు గురించి రాయకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. రాయమని వారే చెప్పారు.

పద్మిని గారికి ఆపరేషన్ చేసిన సర్జన్ జగదీష్ గారు అరవై నాలుగో ఏట వీరి దగ్గర విమానం నేర్చుకుంటున్నారు. ఆ రోజు రన్‌వేకి అడ్డంగా, ఎడమవైపు నుంచి గాలి కొడుతోంది. చక్రాలు నేలను తాకగానే విమానం ఎడమకు తిరగబోయింది. అలాంటప్పుడు శిక్షకుడు "మై కంట్రోల్స్" అని విమానాన్ని తన చేతిలోకి లాక్కోవాలి. వీరు మాత్రం, "డాక్టరు గారూ, కుడి పెడల్ కొంచెం నొక్కండి, ప్లీజ్" అన్నారు. పెద్దాయన చేతిలోంచి ఎలా లాక్కోవడం అని రెండు క్షణాలు ఆగారు. ఆ రెండు క్షణాల్లో విమానం గడ్డిలోకి దూసుకుపోయింది, ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంది. దేవుడి దయ, డాక్టరు గారి మణికట్టు బెణకడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

విచారణకు వచ్చిన అధికారికి సూర్యప్రకాశ్ గారు గాలి పేరు చెప్పలేదు, శిష్యుడి పేరూ చెప్పలేదు. "నా మొహమాటమే కారణం" అని రాసిచ్చారు. తర్వాత నాతో, "రేపు ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తానేమో. ఇక నేర్పనయ్యా" అన్నారు. రాజీనామా లేఖ జేబులోనే ఉంది.

మూడో వారం డాక్టరు గారు చేతికి కట్టుతోనే వచ్చారు.

"ఏమయ్యా సూర్యం, నా క్లాస్ ఎప్పుడు?"

"నేను మానేస్తున్నాను సార్."

"ముప్పై ఏళ్లు జూనియర్లకి సర్జరీ నేర్పాను. చెయ్యి తప్పితే కత్తి లాక్కున్నానే గానీ, ఇవ్వండి ప్లీజ్ అనలేదు. నువ్వు మానేస్తే నా భయం ఎవడు పోగొడతాడు? బుక్ చేయి!"

బుక్ చేశారు. ఆ రోజు నుంచి ఎవరు శిష్యులుగా వచ్చినా, ఎంత పెద్దవారైనా, ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు ఒక మాట వినాల్సిందే: "మర్యాదలన్నీ కింద. పైన నేను లాక్కుంటే మీరు వదిలేయాలి." వారు ఆ మాటను విద్యార్థి చేత కూడా చెప్పించేవారు.

మరుసటి జూన్‌లో డాక్టరు గారు ఒంటరిగా ఎగిరారు. దిగే వేళకు గాలి పక్కకు తిరిగింది. సూర్యప్రకాశ్ గారు నా పక్కనే నిలబడి చూస్తున్నారు. వారి కుడి కాలు మాత్రం గడ్డిని నొక్కుతూనే ఉంది. విమానం తెల్లగీత మీదే తిన్నగా ఆగింది. జేబులోంచి పాత లేఖ తీసి, నాలుగు ముక్కలు చేసి, నా చేతిలో పెట్టి, "చెత్తబుట్టలో వేసెయ్" అన్నారు.

ఆ తర్వాత పదమూడేళ్లలో వారి దగ్గర నేర్చుకున్న ఎందరో ఈ రోజు క్షేమంగా ఎగిరి, క్షేమంగా ఇల్లు చేరుతున్నారు. అంతమంది ఇళ్ల దీవెనలు ఆ దంపతులకు నిండు ఆరోగ్యమై, నూరేళ్ల ఆయుష్షై నిలవాలని మనసారా కోరుకుంటున్నాను.